పోయింది పెన్ను కాదు, పన్ను

ఒక చట్నీ కవరు వల్ల భూపాలపల్లి బస్టాండులో నా పరువు ఎట్లా పోయిందో, దాంతోపాటు ఇంకేం పోయిందో ఇవాళ చెప్పేస్తాను. మీరు నవ్వుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. అప్పుడైతే నాకే నవ్వడానికి వీల్లేకపోయింది, నోట్లో ముందు పన్ను లేదు మరి.

నాది జనగామ వైపు తరిగొప్పుల. అప్పుడైనా ఇప్పుడైనా భూపాలపల్లి బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎటు పోతుందో చెప్పడం నా ఉద్యోగం. "కాటారం వెళ్ళు ప్రయాణికులకు మనవి" అంటూ పొద్దంతా వాగేవాణ్ణి. ఊరంతటికీ నా గొంతు తెలుసు, నేనెవరో ఒక్కరికీ తెలియదు. డ్యూటీ దిగి గదికి పోతే తాళం నేనే తీయాలి, లైటు నేనే వేయాలి, "వచ్చినవా" అని కూడా నాకు నేనే అనుకోవాలి. ఆదివారమంతా నోరు తెరిచే పనిలేక, సోమవారం మైకు ముందు నాలుగుసార్లు దగ్గితే గానీ మాట పెగిలేది కాదు. చాలా ఒంటరిగా ఉండేది, దాచుకోవడమెందుకు.

ఒంటిగాడికి వంటిల్లంటే కర్రీ పాయింటే. బస్టాండు ముందు లచ్చక్క బండి ఉండేది, పొద్దున ఇడ్లీ, సాయంత్రం కూరలు. లచ్చక్క చేతి రుచి ఊళ్ళో అందరికీ తెలుసు గానీ, చేతి ముడి సంగతి నాలాంటి వాళ్ళకే తెలుసు. చట్నీ కవరు మెడకు దారం గిరగిరా చుట్టి ఆవిడ ఒక ముడి వేసేది. చట్నీ పారిపోతుందని ఎవరో ఆవిడకు చెప్పి ఉండాలి. ఇంట్లో నలుగురుంటే ఒకరు కవరు పట్టుకుంటారు, ఒకరు కత్తెర వెతుకుతారు. నాకు ఎవరున్నారు, ముందు పళ్ళు తప్ప?

ఆ ముందు పళ్ళలో ఒకటి ఒక వానాకాలం నన్ను ఏడిపించి వదిలింది. మహబూబాబాద్‌లో, అంటే మా నోటికి మానుకోటలో, మా అక్క ఉంటుంది. అక్కడ దిగి పళ్ళ డాక్టరమ్మకు చూపించుకున్నాను. ఆవిడ రూట్ కెనాల్ చేసి నొప్పి పోగొట్టి, అసలు మాట చివర చెప్పింది.

"పన్ను సగం పుచ్చిపోయింది కదా, ఇప్పుడు లోపల గుల్లగా ఉంది. నొప్పి లేదని మోసపోకండి. లోపల సన్నని పోస్టు ఒకటి నిలబెట్టి, దాని మీద పన్ను కట్టి, పైన క్యాప్ వేయాలి. అప్పటిదాకా దాంతో ఏదీ కొరకొద్దు."

అక్క కూడా అదే పాట పాడింది, క్యాప్ పెట్టించుకునే పొమ్మంది. నేను మాటలు అమ్ముకుని బతికేవాణ్ణి కదా, ఊరుకుంటానా?

"క్యాప్ అంటే తెలుగుల టోపీ అక్కా. నొప్పి పోయినంక కూడ టోపీ పెట్టిచ్చుకుంటరా ఎవలన్న?" అన్నాను. నా జోకుకు నేనే నవ్వుకుంటూ బస్సెక్కాను. అక్క మాత్రం నవ్వలేదు.

ఇక్కడ మీకు ఇంకొకరి సంగతి చెప్పాలి. రోజూ పొద్దున కాటారం వైపు బడికి పోయే ఒక టీచరమ్మ నా కిటికీ దగ్గరికి వచ్చేది. "కాటారం బస్సు వచ్చిందా సార్?" అని అడిగేది. బస్సుల గురించి అందరూ అడుగుతారు, అది నా ఉద్యోగం. కానీ ఆమె జవాబు విన్న తర్వాత కూడా కదలకుండా "మీరు తిన్నరా?" అనేది. తినకపోయినా "తిన్న మేడం" అనేవాణ్ణి. మొత్తం భూపాలపల్లిలో నన్ను ఆ మాట అడిగే మనిషి ఆమె ఒక్కతే. ఆ ఒక్క మాట కోసం నేను చొక్కా ఇస్త్రీ చేయించుకోవడం మొదలుపెట్టాను. ఆమె పేరు తెలుసుకోవాలని ఉండేది. పేరు తెలిస్తే తర్వాతి సంగతి తర్వాత చూసుకోవచ్చు గానీ, ఆ పేరు అడగడానికే గుండె చాలేది కాదు. ఊరందరికీ వినబడేట్టు అరిచేవాడికి ఒక్క మనిషిని పేరడగడం రాలేదు చూడండి.

చివరికి ఒక రోజు తెగించాను. అద్దం ముందు నిలబడి "మేడం, మీ పేరేంది?" అని రకరకాల గొంతుల్లో అని చూసుకుని, అందులో బాగున్న గొంతుతో బస్టాండుకు వచ్చాను. కాటారం బస్సు కాసేపట్లో బయలుదేరుతుందని చెప్పి మైకు ఆపేశాను. ఆపేశానని అనుకున్నాను. ఆమె వచ్చేలోగా రెండు ఇడ్లీలు తినేస్తే, ఇవాళైనా "తిన్న" అన్న మాట నిజమవుతుంది కదా అని పొట్లం తీశాను. చట్నీ కవరు ముడి పంటి కింద పెట్టి ఒక్క గుంజు గుంజాను.

టప్పుమని చప్పుడైంది. దారం తెగిందని సంతోషపడ్డాను. చూస్తే దారం దారంలాగే ఉంది, ముడి ముడిలాగే ఉంది. నాలుకతో తడుముకుంటే ముందు పన్ను ఉండాల్సిన చోట ఖాళీ తగిలింది. వెంటనే బల్ల కిందికి దూరి వెతుకుతూ నాలో నేను ఏడ్చుకున్నాను.

"అయ్యో, నా పన్ను పాయెనే. గిప్పటిదాక ఉండె. యాడ పడ్డదో ఏమో. అది లేకుంటె నా పని ఎట్ల నడుస్తది?"

నాలో నేను అనుకున్న ఆ మాటలు బస్టాండు నాలుగు మూలలా వినబడ్డాయి. మైకు ఆన్‌లోనే ఉంది. మా స్పీకర్లు ఎప్పటివో, వాటిలో పడితే ఏ అక్షరం ఏ అక్షరమవుతుందో దేవుడికే తెలియాలి. దానికి తోడు నా నోట్లో కొత్తగా తెరుచుకున్న కిటికీ నుంచి గాలి. నేను పన్ను అన్నాను, జనం పెన్ను అని విన్నారు.

బల్ల కింద నుంచి లేచేసరికి కిటికీలో ఒక చెయ్యి, చేతిలో ఒక పెన్ను. "పెన్ను కోసం గంత ఏడుస్తరా సారూ, ఇగో, నాది వెట్టుకో" అన్నాడు ఒక పెద్దమనిషి. వెనక ఒక డ్రైవరు తన జేబులోది తీసిచ్చాడు. ఒక అవ్వ వచ్చి తనకు చదువు రాదని, అది మనుమడి పెన్నని చెప్పి, బలవంతంగా చేతిలో పెట్టింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని "పెన్ను కాదు, పన్ను" అన్నాను ఒకాయనతో. ఆయన కంగారుపడి, ఇంటి పన్ను ఇప్పుడు బస్టాండులో కట్టించుకుంటున్నారా అని అడిగి, జవాబు వినకుండానే తప్పుకున్నాడు. నా మాట ఎవరూ వినరని ఇన్నాళ్ళూ కుమిలిపోయాను కదా. అందరూ వింటున్నారని తెలిసిన రోజున నోరు తెరవలేని స్థితి నాది.

అప్పుడు ఆమె వచ్చింది. బ్యాగులోంచి నీలం పెన్ను తీసి బల్ల మీద పెట్టింది.

"గింత పరేషాన్ ఎందుకు సార్? నా పెన్ను ఉంచుకోండ్రి. తిన్నరా?"

ఇంతకంటే మంచి అదను నా జన్మలో రాదు. అడగాల్సింది రెండు మాటలు. కానీ పెదాలు విప్పితే ఆ బొంద కనబడుతుంది. పెదాలు గట్టిగా బిగించి, గంగిరెద్దులా తల ఊపాను.

"ఏమన్న కోపమొచ్చిందా సార్?" అంది.

కాదని మళ్ళీ తల ఊపాను. ఏ ఊపుకు ఏ అర్థం తీసుకుందో నాకు తెలియదు. బస్సు హారన్ కొట్టింది, ఆమె వెళ్ళిపోయింది.

ఆ పూటే సెలవు పెట్టి, మూతికి రుమాలు కట్టుకుని మానుకోటకు పరుగెత్తాను. అక్క తలుపు తీసి నన్ను చూసి, "టోపీ కోసం వచ్చినవా తమ్మీ?" అంది. డాక్టరమ్మ తిట్టలేదు, వేరు గట్టిగా ఉంది కాబట్టి బతికిపోయారంది. పిల్లర్‌లో సలాక నిలబెట్టినట్టు వేరులో పోస్టు దించి, దాని చుట్టూ పన్ను కట్టింది. చీరకు జాకెట్ ముక్క వెతికినట్టు పంటి రంగుల పట్టీ నా మూతి దగ్గర పెట్టి, పక్క పంటికి సరిపోయే రంగు ఎంచింది. క్యాప్ తయారై వచ్చేదాకా అక్క ఇంట్లోనే ఉన్నాను. క్యాప్ బిగిసిన రోజు అద్దంలో చూసుకుని "మేడం, మీ పేరేంది?" అన్నాను. ఒక్క అక్షరం జారలేదు.

కొత్త పన్నుతో మైకు ముందు కూర్చున్నాను. కాటారం బస్సు వచ్చింది, పోయింది. ఆమె రాలేదు. మర్నాడు కూడా రాలేదు. చివరికి లచ్చక్కను అడిగాను.

"గా టీచరమ్మకు టేకుమట్లకు బదిలీ అయిందట సారూ. ఆడనే ఇల్లు కిరాయికి తీసుకున్నదట. పొయ్యేముందు నీ కిటికీ కాడ నిలవడి చూసింది."

"ఏమన్న చెప్పిందా అక్కా?"

"సారు తింటుండా అని అడిగింది."

ఆమె పేరేమిటని అడిగాను. లచ్చక్కకూ తెలియదు, మేడం అనే పిలిచేదట. గదికి పోయి నీలం పెన్ను తీసి చూశాను. దాని మీద ఒక పేరు అచ్చేసి ఉంది, ఏదో పురుగుమందుల దుకాణం పేరు. ఆ సాయంత్రం గదిలో ఉండబుద్ధి కాలేదు. మళ్ళీ బండి దగ్గరికి వచ్చాను. లచ్చక్క అలవాటుగా దారం తీసింది.

"పొట్లం కట్టకు అక్కా, ఈడనే తింట" అన్నాను.

ఎందుకని అడిగితే ముడి దగ్గర్నుంచి పెన్నుల దాకా అంతా చెప్పాను. గరిటె పక్కన పెట్టి, కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది.

"ఒక్క ముడి ఇప్పబోతె పన్ను పాయె. ఇగ మూడు ముళ్లు ఏం ఏస్తవు సారూ?"

నేనూ నవ్వాను, కొత్త పన్ను మొత్తం బయటపడేట్టు. ఎదురుగా ఒక మనిషిని పెట్టుకుని నవ్వి ఎంత కాలమైందో.

కాబట్టి పాఠకులారా, భూపాలపల్లి బస్టాండు మైకు సాక్షిగా, అది ఆఫ్‌లో ఉందో లేదో చూసుకుని మరీ ఒట్టు వేస్తున్నాను. డాక్టరమ్మ క్యాప్ అంటే మారుమాట్లాడకుండా తల వంచుతాను. ఏ ముడినీ పంటితో ముట్టుకోను. ఇక ఎప్పుడైనా ఎవరైనా నా కిటికీ దగ్గరికి వచ్చి తిన్నరా అని అడిగితే, నోట్లో పళ్ళన్నీ ఉన్నా, ఒక్కటీ లేకపోయినా, నోరు తెరిచే జవాబు చెబుతాను.