బోను కిర్రుమన్న చోటల్లా

దయ్యాల సీరియల్‌కి పద్నాలుగు నెలలు మాటలు రాసినవాణ్ణి నేను. మిఠాయి చేసేవాడికి మిఠాయి మీద మోజు ఉండనట్టే నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. తెల్లచీర ఏ సీన్లో కనిపించాలో, కిటికీ ఎప్పుడు కొట్టుకోవాలో నిర్ణయించేది నేనే. నేనింక దేనికి భయపడతాను? ఛానల్ నుంచి వచ్చే ఫోనుకు తప్ప.

కల్పించి రాయడం నా వృత్తి కాబట్టి ఇది చెబితే ఎవరూ నమ్మరని తెలుసు. కల్పించి ఉంటే ఇంతకన్నా బాగా కల్పించేవాణ్ణి. జరిగినదాన్ని జరిగినట్టే చెబుతున్నాను.

నేను చదివింది లా. ఖమ్మంలో రెండేళ్లు నల్లకోటు వేసుకున్నాను. చెమట పట్టింది గాని కేసులు పట్టలేదు. వాదించడం చేతకాదని తేలాక, వాదనలు రాయడానికి హైదరాబాద్ వెళ్లాను. కొన్నేళ్లకు కోర్టు కథతో ఒక డైలీ సీరియల్ మొదలైంది. లా చదివిన రైటర్ కావాలన్నారు. టైటిల్స్‌లో నా పేరు ఒక్కటే పడటం అదే మొదటిసారి. తిరుమలాయపాలెంలో ఉండే మా అక్క ఆ రెండు సెకన్లనూ ఫోనులో ఫొటో తీసి బంధువులందరికీ పంపింది. సరిగ్గా నా పేరు పడగానే ఆమె రెప్ప మూసిందట, ఫొటో కాస్త వంకరగా వచ్చింది.

డైరెక్టర్ వసంత గారిది కుసుమంచి. మా జిల్లా కథ మా జిల్లాలోనే తీయాలని పట్టుబట్టి, తల్లాడ నుంచి కొత్తగూడెం వెళ్లే దారిలో, అడవి మొదలయ్యే చోట, ఖాళీగా ఉన్న మిర్చి గోడౌన్లో కోర్టు సెట్ వేయించారు. మిర్చి బస్తాలు పోయినా ఘాటు పోలేదు. మా జడ్జి వేషం వేసే పెద్దాయన నోరు తెరిచే ముందు తప్పకుండా తుమ్మేవారు. దాన్ని ఆయన ప్రత్యేకత అనుకుని ప్రేక్షకులు మెచ్చుకున్నారు.

కథ ఇది. రంగారావు అనే కలప వ్యాపారి వాగులో శవమై తేలతాడు. నేరం ఆయన డ్రైవర్ సైదులు మీద పడుతుంది. ఆ విచారణే మా సీరియల్.

డైలీ సీరియల్ రాసేవాళ్లు ఇవాళ రాసిందాన్ని రేపు తీస్తారు. ఎల్లుండి సంగతి ఎల్లుండి చూసుకుంటారు. నేను ఒక మెట్టు ముందుకు వెళ్లి, రంగారావును ఎవరు చంపారో తేల్చుకోకుండానే ఆయన్ను చంపేశాను. ఛానల్ వాళ్లు మొదటి మీటింగులోనే అడిగారు, హంతకుడెవరని. అది నా మనసులో ఉంది, బయటికి పొక్కితే సస్పెన్స్ పోతుంది అన్నాను. నిజానికి నా మనసులో హంతకుడు లేడు, అతను వచ్చి కూర్చోవడానికి ఒక కుర్చీ మాత్రం ఉంది.

మూడు నెలలకు రేటింగ్ జారింది. నెలలోపు కేసు తేల్చండి, ముగింపు పండితే కొనసాగిస్తాం, లేకపోతే ఆ టైము వంటల పోటీకి ఇచ్చేస్తాం అని ఛానల్ కబురు పెట్టింది. యూనిట్లో నలభై మందికి పైగా ఉన్నాం. అందరూ నా మనసులో ఉన్నవాడి మీద భరోసా పెట్టుకున్నారు.

ఇక బోను. సాక్షులు ఎక్కి నిలబడే బోనును తల్లాడ వడ్రంగి వీరాచారి సామిల్లులో కొన్న మద్ది చెక్కతో చేశాడు. కొత్త చెక్క, కొత్త మేకులు. ఎవరి సమాధి మీదిదో, ఏ పాడుబడ్డ బంగళాలోదో కాదు. ఆ సంగతి నేనే రెండుసార్లు అడిగి తెలుసుకున్నాను.

అది మొదటి వారంలోనే కిర్రుమనడం మొదలుపెట్టింది. ఎప్పుడూ కాదు, ఉండుండి. మా సౌండ్ రికార్డిస్టు డేవిడ్‌ది ఖమ్మం. చీమ దగ్గినా అతని హెడ్‌ఫోన్లో వినిపిస్తుంది. టేకు మధ్యలో చెయ్యెత్తి, "అన్నా, బోను నడుమల మాట్లాడుతుంది" అనేవాడు.

వీరాచారిని పిలిపించాం. బోనులో ఎక్కి గెంతాడు. చప్పుడు లేదు.

"ఏంది సారు, ఎక్కి దుంకుతున్నా గదా! ఏడ మొత్తుకుంటుంది ఇది?" అని మా మీద ఎగిరాడు. "ముప్పై ఏండ్ల సంది చేస్తున్నా. నేను చేసిన తలుపు ఒక్కటి గూడ ఇప్పటిదాక కిర్రుమనలే!"

కిర్రు.

డేవిడ్ హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టి మరీ నవ్వాడు. వీరాచారి కిందికి దిగి, బోను చుట్టూ ఒకసారి తిరిగి, "ఒక్కటున్నది సారు, మా బామ్మర్ది ఇంటి తలుపు" అని ఒప్పుకున్నాడు.

చెడిపోయిన ప్రతి టేకునూ డేవిడ్ నోటుబుక్కులో రాసుకుంటాడు. ఏ సీను, ఎన్నో టేకు, ఏ మాట దగ్గర అని. ఛానల్ కబురు వచ్చిన పది రోజులకు అది తెచ్చి నా ముందు పెట్టాడు. రంగారావు తమ్ముడు "మా అన్నంటే నాకు ప్రాణం" అన్నప్పుడు నాలుగు టేకుల్లో నాలుగుసార్లు కిర్రుమంది. దొంగసాక్షి "నా కళ్లతో చూశాను" అన్నప్పుడు మూడుసార్లు. సైదులు వేషం వేసిన కుర్రాడు రోజుల తరబడి అందులో నిలబడి ఏడ్చినా ఒక్కసారి కూడా లేదు.

"అబద్ధం కాడనే మొత్తుకుంటుంది అన్నా" అన్నాడు డేవిడ్.

నాలోని వకీలు వెంటనే లేచాడు. అబద్ధం ఆడుతున్నట్టు నటించేవాడు తెలియకుండానే బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుస్తాడు, అప్పుడు పలక కిర్రుమంటుంది, మన నటులు బాగా చేస్తున్నారని దీని అర్థం అన్నాను. నేను గెలిచిన మొదటి వాదన అదే. అదీ రెండు రోజులే నిలిచింది.

సంగతి యూనిట్ అంతా పాకింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక బోను దగ్గర జాతర. ఒక్కొక్కరే ఎక్కడం, ఏదో ఒకటి అనడం. "ఇయ్యాల సాంబార్ల ముక్కలు మస్తుగ ఏసినం" అన్నాడు వంట మేస్త్రి. కిర్రు. అందరూ కంచాలు మోగించారు. జడ్జి గారు ఎక్కి, స్క్రిప్టు రాత్రే చదువుకుని వస్తానన్నారు. కిర్రు, వెంటనే తుమ్ము. మేకప్ ఆవిడ తన పెళ్లి పెద్దలు కుదిర్చిందేనంది. అది అంతసేపు కిర్రుమనడం ఎవరూ ఎప్పుడూ వినలేదు. ఖర్చుల లెక్కలు చూసే మేనేజరుకు పిలుపులు వెళ్లాయి గాని ఆయన పని ఉందంటూ అసలు గోడౌన్లోకే రాలేదు. ఇంత నవ్విన రోజు ఆ సెట్లో ఇంకొకటి లేదు.

అప్పుడు వసంత గారు కుర్చీలోంచే నావైపు చూశారు.

"రైటర్ గారూ, మీరు గూడ ఎక్కుండ్రి."

తప్పించుకోవడానికి దారి లేదు. ఎక్కాను.

"ఎల్లుండి ఆఖరి విచారణ తీయాలె. హంతకుడెవరో మీకు తెలుసు గదా?"

"తెలుసు మేడం."

కిర్రుమంది. నా కాళ్ల కింద పలక కదలలేదని ప్రమాణం చేసి చెప్పగలను. భయంతో బిగుసుకుపోయి ఉన్నాను, కదిలే ఓపిక ఎక్కడిది? నలభై మందీ ఒక్కసారిగా నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే ఆపేశారు. వంటల పోటీ అందరికీ గుర్తొచ్చినట్టుంది.

వసంత గారు లేచి నిలబడ్డారు. గౌరవాలు పోయాయి. "నిజం చెప్పు తమ్ముడూ."

"తెలియదక్కా."

బోను నోరెత్తలేదు.

"మూడు నెలల సంది మనసుల ఉన్నడు, మనసుల ఉన్నడు అంటివి! ఏడీ? పిలువు బయటికి! నేను గూడ జూస్త!" అంటూనే ఆవిడకు నవ్వొచ్చేసింది. కోపం ఆపుకోలేకా, నవ్వు ఆపుకోలేకా చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాకు మాత్రం అక్క తీసిన వంకర ఫొటో కళ్ల ముందు కదిలింది. ఎల్లుండి తరువాత ఆ రెండు సెకన్లు ఉండవు. ఈ నలభై మందికీ పని ఉండదు. అదీ నా నోటి దురద వల్ల.

డేవిడ్ నోటుబుక్కు పట్టుకుని వచ్చాడు. "అన్నా, ఒక్క మాట. టీచరమ్మవి గూడ మూడున్నయి. గవి మీరు అబద్ధాలుగ రాసిండ్రా?"

సరోజిని టీచర్ మా సీరియల్లో అందరికీ ఇష్టమైన పాత్ర. తన పాత విద్యార్థి సైదులును కాపాడటానికి వచ్చిన మంచి సాక్షి. ఆ వేషం రాజ్యలక్ష్మి గారిది. ఆమె నోట నేను ఒక్క అబద్ధమూ రాయలేదు. "లేదు" అన్నాను. ఆ మాట నేను బోనులోనే నిలబడి అన్నాను. అది మళ్లీ కిర్రుమంది.

అప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు.

ఆ మూడు మాటలు ఇవి. ఆ సాయంత్రం స్కూల్లో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. రంగారావు గారిని నేనెప్పుడూ దగ్గర నుంచి చూడలేదు. నాకు తోబుట్టువులు లేరు.

వసంత గారు పాత స్క్రిప్టుల కట్ట తెప్పించారు. జడ్జి గారి బల్ల మీద పరుచుకుని ముగ్గురం కూర్చున్నాం. రంగారావు చనిపోయిన రోజు సంత రోజు అని మొదట్లో రాశాను. సంత ఆదివారమనీ నేనే రాశాను. "ఆదివారం నాడు పేపర్లు దిద్దుడేంది?" అన్నారు వసంత గారు. అదే మాట అడుగుతూ ప్రేక్షకులు తిట్టిపోస్తే, పొరపాటైందని నేను ఎప్పుడో చెంపలేసుకున్న సంగతి అది.

ఇంకో ఎపిసోడ్‌లో టీచరమ్మ, "ఆయనకు ఎడమ చెవి వినిపించదు కదా" అంటుంది. అది రంగారావు భార్య అనాల్సిన మాట. ఆ వేషం వేసే ఆవిడ ఆ రోజు రాకపోతే, ఎదురుగా ఉన్న రాజ్యలక్ష్మి గారికి ఇచ్చేశాం. ఎప్పుడూ దగ్గర నుంచి చూడని మనిషి చెవి సంగతి ఆమెకెలా తెలుసు?

మూడోది తోబుట్టువుల మాట. సీరియల్ మొదట్లో, రంగారావు కలప డిపోలో మీద దుంగ పడి ఒక కూలీ చనిపోతాడు. అతనికి ఒక్క సీను కూడా లేదు, పేరు మాత్రం ఉంది. ఇంటిపేర్లు వెతకడానికి నాకు బద్ధకం. ఒకటి దొరికితే అదే అందరికీ అంటిస్తాను. ఆ కూలీ ఇంటిపేరు, టీచరమ్మ ఇంటిపేరు ఒక్కటే.

ఇన్నాళ్లూ నా తప్పులు అనుకున్నవన్నీ వరసగా నిలబడి సాక్ష్యం చెబుతున్నాయి.

డిపోలో చనిపోయిన తన తమ్ముడి గురించి నిలదీయడానికి టీచరమ్మ ఆదివారం వాగు ఒడ్డుకు వెళ్లింది. మాటా మాటా పెరిగింది. రంగారావు విసురుగా వెనక్కి నడిచాడు. అంచు ఉంది, ఆగండి అని ఆమె అరిచింది. ఎడమ వైపు నుంచి అరిచింది. ఆయనకు వినిపించలేదు, వాగులో పడిపోయాడు. ఆమె చంపలేదు, కాని ఆ సంగతి చెప్పే ధైర్యం లేక దాచింది. తను చదువు చెప్పిన సైదులుకు శిక్ష పడబోతుంటే ఇక దాచలేకపోయింది. ఇదంతా మేం కూర్చి పెట్టడానికి గంట కూడా పట్టలేదు. కూర్చడం కూడా కాదు, విప్పి చదవడం.

రాజ్యలక్ష్మి గారికి చెబితే, "నేనా! ఇంట్ల ఎలుక కనబడితేనే మా ఆయన మీదికెక్కి కూసుంట!" అని గుండె మీద చెయ్యేసుకున్నారు. ఆమెకు తెలిసి నటించలేదు. తెలియని అబద్ధానికి బరువు ఏ కాలి మీదికి మారుతుంది? పైగా ఆ మూడో మాట అన్న రోజు ఆమెకు మోకాలి నొప్పి. ముఖం మాత్రమే కనిపించే షాటు కాబట్టి నేల మీదే నిలబెట్టి తీశాం. బోనులో ఎవరూ లేరు. చప్పుడు మాత్రం టేపులో ఉంది.

రెండు రోజుల తర్వాత ఆ సీను తీశాం. మోకాలు పట్టుకుని, రెయిలింగు ఊతంగా రాజ్యలక్ష్మి గారు బోనెక్కారు. ఏడు నిమిషాల మాటలు. మధ్యలో కట్ చెప్పకూడదని వసంత గారు ముందే చెప్పారు. నేను డేవిడ్ పక్కన నిలబడి బోను వైపే చూస్తున్నాను. ఆమె తమ్ముడి పేరు చెప్పింది. ఆదివారం అని చెప్పింది. ఎడమ చెవి దగ్గరికి వచ్చేసరికి లైట్‌మన్లు కళ్లు తుడుచుకుంటున్నారు. ఏడు నిమిషాల్లో మద్ది చెక్క ఒక్క చప్పుడూ చేయలేదు. కట్ అన్నాక డేవిడ్ బొటనవేలు ఎత్తాడు. గోడౌన్ రేకులు అదిరేలా చప్పట్లు. అంతసేపు బిగబట్టుకున్న జడ్జి గారు అప్పుడు తుమ్మారు, వరసగా ఐదుసార్లు.

సీరియల్ నిలబడింది. వంటల పోటీని ఇంకో టైముకు మార్చారు. మొదటి ఎపిసోడ్ నుంచే ఆదివారాన్ని, చెవిని, ఇంటిపేరును అంత ఓపిగ్గా ఎలా దాచుకుంటూ వచ్చారని ప్రేక్షకులు ఇప్పటికీ రాస్తుంటారు. మా అక్కయితే ఊళ్లో, "మా తమ్ముడిది మొదటి నుంచి లోతైన మనసు" అంటుందట.

డేవిడ్ ఇంట్లో కూర్చుని ఆ రికార్డింగులు మూడుసార్లు విన్నాను. వీరాచారి బోనును విప్పి, పలకలు ఎండలో పెట్టి, ఎక్కడా వదులు లేదని చూపించాడు. చెక్క కిర్రుమనడానికి ఎండ కారణం కావచ్చు, తేమ కావచ్చు, పురుగు కావచ్చు. ఆ చప్పుడును ఎవరైనా వివరిస్తే సంతోషంగా ఒప్పుకుంటాను.

నాకు అంతు చిక్కనిది చప్పుడు కాదు. సంత రోజును ఆదివారం చేసింది నేను. చెవి మాటను టీచరమ్మకు ఇచ్చింది నేను. చచ్చిపోయిన కూలీకి ఆమె ఇంటిపేరు పెట్టింది నేను. అన్నీ నా చేతిరాతలోనే ఉన్నాయి. ఆ కథ రాసింది నేనే. ఎప్పుడు రాశానో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.