మా అప్ప తెలివి

మొన్న ఉభాల ముందు, అంటే వరినాట్ల ముందు, మా అప్పని శ్రీకాకుళంలో ఒక మెదడు డాక్టరమ్మ దగ్గరికి తీసుకువెళ్ళాల్సి వచ్చింది. మా వైపు అక్కని అప్ప అంటాం. నాకంటే రెండేళ్ళు పెద్దది, గజపతినగరం దగ్గర పల్లెలో ఒక రైతుల ఇంటికి కోడలుగా వెళ్ళి, బావ పోయాక కూడా ఆ వ్యవసాయాన్ని తన కంటిచూపుతోనే నడిపిస్తున్నది. నేను పంతులమ్మగా ఊళ్ళు తిరిగి తిరిగి, రిటైరయ్యాక శ్రీకాకుళంలో స్థిరపడ్డాను గనక, ఆసుపత్రి పని వస్తే అప్పని నా దగ్గరికే పంపుతారు.

ఈసారి పంపడానికి కారణం మతిమరుపు. రెండుసార్లు పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయిందట. విజయనగరంలో చుట్టాల పెళ్ళికి వెళ్ళి తిరిగి వస్తూ, గజపతినగరం బస్సు ఎక్కాల్సింది, చీపురుపల్లి బస్సు ఎక్కి అక్కడ దిగి, సాయంత్రం దాకా స్టాండులో కూర్చుంటే ఎవరో ఆమె కొడుక్కి ఫోను చేశారట. దాంతో వాడికి గుండె జారిపోయింది. ఈ ఏడు విత్తనాల సంగతి అమ్మకి వదలకూడదని నిశ్చయించుకుని, విత్తనాల గది తాళంచెవి తన మొలతాడుకి కట్టుకున్నాడు. నలభై ఏళ్ళకి పైగా ఏ మడికి ఏ విత్తనమో చెప్పినది మా అప్ప. ఆ తాళంచెవి పోయిన రోజు నుంచీ ఆమె సరిగ్గా అన్నం తినడం లేదని కోడలు నాకు రహస్యంగా చెప్పింది.

డాక్టరమ్మ చిన్నది, నా శిష్యుల పిల్లల వయసు ఉంటుంది. నెమ్మదిగానే అడిగింది. గొడుగు, తాళం, మామిడిపండు అని మూడు మాటలు చెప్పి గుర్తుంచుకోమంది. ఇది ఏ నెల, ఎన్నో తేదీ అంటే మా అప్ప పునర్వసు కార్తె అంది. వందలోంచి ఏడేసి తీసేస్తూ పొమ్మంటే నా వైపు చూసి ఊరుకుంది. గడియారం బొమ్మ గియ్యమంటే గుండ్రం బాగానే గీసింది గాని, అంకెలన్నీ ఒక పక్కకే పోగయ్యాయి. ఒక కాగితం ఇచ్చి, అందులో రాసి ఉన్నట్టు చెయ్యమంటే, దాన్ని అటూ ఇటూ తిప్పి మర్యాదగా తిరిగి ఇచ్చేసింది. చివరికి ఆ మూడు మాటలూ అడిగితే మామిడిపండు ఒక్కటే చెప్పింది. డాక్టరమ్మ మార్కులు కూడి కింద వేసింది. తలకిందులుగా చూసినా, ముప్పై అయిదేళ్ళు పేపర్లు దిద్దినదాన్ని గనక, అవి తప్పిన మార్కులని తెలిసిపోయింది.

నాకు ఒక్కసారిగా మా మూడో తరగతి కళ్ళకి కట్టింది. ఆ తరగతిలో మొదటి మార్కు ఎప్పుడూ మా అప్పదే.

మా కన్నవారి ఊరు చీపురుపల్లికి నడిచి వెళ్ళేంత దూరం. మా ఇద్దరినీ ఒకే రోజు బడిలో వేశారు, నాకు తోడు కావాలని అప్పని రెండేళ్ళు ఆపి మరీ వేశారు. ఎక్కాలు పంతులుగారు ఒకసారి చెప్తే అప్పకి వచ్చేసేవి, నాకు వారం పట్టేది, అదీ చింతబరికె సాయంతో. మా నాయనమ్మ దీనికి కారణం రక్తంలో ఉందనేది. నాయనమ్మ వాళ్ళ నాన్న పొలం గట్టున ఒకసారి నడిచి ఎన్ని బస్తాలు పండుతాయో చెప్పేవాడట, పెద్దదానికి ఆయన బుర్ర వచ్చిందనీ, చిన్నదానికి మా అమ్మ పుట్టింటివాళ్ళ బుర్ర వచ్చిందనీ, అమ్మ వినేటట్టే అనేది. అమ్మ పొయ్యిలో కట్టె ఎగదోసేది. నేను మాత్రం అది నిజమనే నమ్మి, నాకు తెలివి లేదన్న సంగతిని నా చెవులు కాస్త పెద్దవి అన్న సంగతిలాగే ఒప్పేసుకుని హాయిగా తిరిగేదాన్ని.

మూడో తరగతిలో ఉండగా మా తమ్ముడు పుట్టాడు, అమ్మ మంచం పట్టింది. పసివాణ్ణి చూడడానికి, గంజి కాచడానికి, పొలానికి అంబలి మోయడానికి ఒక మనిషి కావాలి. ఇద్దరు ఆడపిల్లల్లో ఒకరు బడి మానాలి. అప్పని మానిపించారని తెలిసి పంతులుగారు మా ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చోకుండానే, ఇది అన్యాయం, మానిపిస్తే చిన్నదాన్ని మానిపించండి, పెద్దది ఎంతైనా చదువుతుంది అన్నారు. దానికి మా నాన్న చెప్పిన జవాబు అరవై ఏళ్ళ పైమాటైనా నా చెవుల్లో అలాగే ఉంది.

“పెద్దగుంట ఇంటికి కావాల పంతులుగారూ. ఒక్కపాలి సెప్తే సాలు, పని సేసెస్తాది. సిన్నదానికి పొయ్యి మీద కుండెడితే దింపాలని తెలవదు. దాన్నేటి సేసుకుంతాను? దాన్నే పట్టుకుపొండి.”

అలా, తెలివైనది గనక మా అప్ప ఇంట్లో ఉండిపోయింది, పనికిరానిదాన్ని గనక నేను బడికి వెళ్ళాను.

వెళ్ళానన్నమాటే గాని, రెండేళ్ళు నా లెక్కలన్నీ చేసింది మా అప్పే. తమ్ముణ్ణి చంకనేసుకుని చోళ్ళు, అంటే రాగులు, చెరుగుతూ ఉండేది, నేను పక్కన కూర్చుని లెక్క చదివేదాన్ని, చేట ఆగకుండానే జవాబు వచ్చేది. ఒకసారి పంతులుగారు ఇంటిలెక్క సరిగ్గా ఉండి బడిలెక్క తప్పడం చూసి, ఇది ఎవరు చేశారే అని అడిగారు. నేను తలవంచుకున్నాను. ఆయన కొట్టలేదు, పలకని నా చేతికిచ్చి, కిటికీ వైపు తిరిగి కాసేపు నిలబడ్డారు. ఆయన ఎందుకలా నిలబడ్డారో తెలుసుకోవడానికి నేను కూడా పంతులమ్మని కావాల్సి వచ్చింది.

ఆ తర్వాత చిత్రం జరిగింది. ఆరో తరగతికి చీపురుపల్లి పెద్ద బడికి వెళ్ళాక నాకు చదువు మెల్లగా వంటబట్టింది. ఎలా వచ్చిందో చెప్పలేను, రోజూ అదే పని కావడం వల్లనే అయి ఉండాలి. విజయనగరంలో పంతులమ్మ ట్రైనింగు అయ్యేసరికి నన్ను మొద్దు అనేవాళ్ళు లేరు. అప్పటికి అప్పకి పెళ్ళయి, ఇద్దరు పిల్లలు. నేను ఆమెకి ఉత్తరం రాస్తే బావ చదివి వినిపించేవాడు, మూడో తరగతి దాకా వచ్చిన అక్షరాలు వాడుక లేక ఆమెని విడిచి వెళ్ళిపోయాయి. ఇంట్లో పొలం దస్తావేజు చూడాలన్నా, పిల్లకి సంబంధం చూడాలన్నా, చదువుకున్నది ఉంది కదా అని నన్నే పిలిచేవారు. నేను కుర్చీలో కూర్చుని సలహా చెప్పేదాన్ని, మా అప్ప నాకు అన్నం వడ్డించేది. అలా ఉండడం న్యాయమేనని నేనూ అనుకునేదాన్ని. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది, కాని రాయకపోతే మిగతాదంతా అబద్ధం అవుతుంది.

ఇంత గతం ఒక్క నిమిషంలో కళ్ళముందు తిరిగాక నేనిక ఊరుకోలేకపోయాను. డాక్టరమ్మతో, అమ్మా, ఆ లెక్క నన్ను అడగనివ్వండి అన్నాను. ఆమె నవ్వి సరేనంది. నేను అప్పకి ఎదురుగా జరిగి, గట్టిగా, మా వాడుకలో అడిగాను. “అప్పా, గాదెలో వంద కుంచాల గింజలున్నాయి. ఇంటికి ఏడు కుంచాలు లెక్కన కొలిచి ఇస్తన్నావు. సెప్పు మరి.”

మా అప్ప కళ్ళు మూసుకుంది. తొంభైమూడు, ఎనభైయారు, డెబ్భైతొమ్మిది అంటూ గుమ్మాలు దాటుతున్నట్టు దిగిపోయింది. ఎక్కడా ఆగలేదు. “పద్నాలుగిళ్ళకి ఇస్తే రెండు కుంచాలు మిగుల్తాయి. అవి ఎవరికీ ఇవ్వకూడదు, ఇత్తనానికి దాసుకోవాల,” అంది.

డాక్టరమ్మ కలం పక్కన పెట్టేసింది. ఆ తర్వాత తనే ఏ మడిలో ఏం వేశారని అడుగుతూ, మూడేళ్ళ పంటలు వెనక్కి చెప్పించింది. అయితే మంచి డాక్టరు గనక మురిసిపోయి వదిలెయ్యలేదు. ఆ మూడు మాటలూ ఈసారి చెవి దగ్గర గట్టిగా చెప్పి, పావుగంట పోయాక అడిగితే, అప్ప రెండు చెప్పింది, మూడోది చెప్పలేకపోయింది. అక్కడే కూర్చున్న నాకు కూడా గొడుగు గుర్తు రాలేదన్నది నేను ఎవరికీ చెప్పలేదు.

డాక్టరమ్మ మాకు చెప్పినది ఇది. చెవులు బాగా మందగించాయి, మాట వినబడనిదే గుర్తెలా ఉంటుంది, బస్సు సంగతీ అదే అయి ఉండవచ్చు. రక్తపరీక్ష చేయించండి. ఈ ప్రశ్నలు బడికి వెళ్ళినవాళ్ళకి తేలిక, వెళ్ళనివాళ్ళ మార్కులు వేరేగా చూడాలి. మతిమరుపు కొంత మొదలైన మాట నిజమే, అది వయసు, ఎంత వేగంగా నడుస్తుందో ఆరునెలల తర్వాత చూద్దాం. చేస్తున్న పని మాత్రం మానిపించకండి. పుట్టుకతో వచ్చేదెంత, చదువుతో వచ్చేదెంత అని నేను అడిగితే, రెండూ కలిసిపోయి ఉంటాయి, పిండిలో నీళ్ళు ఎంతో తీసి చూపించలేం కదా టీచరుగారూ అంది.

రక్తపరీక్షకి వరసలో బల్ల మీద కూర్చున్నప్పుడు, అరవై ఏళ్ళుగా అనాలనుకుంటున్న మాట ఆమె చెవి దగ్గరికి వంగి అనేశాను. అప్పా, ఆ చదువు నీది, నేను తీసేసుకున్నాను అని. నీదేటి తప్పు అంటుందనుకున్నాను. మనసులో ఆ ఓదార్పు కోసమే అన్నానేమో కూడా.

“అవును, నాదే,” అంది మా అప్ప. “నాకు కోపం వచ్చింది. మూడేళ్ళు నీతో మనసిచ్చి మాటాడనేదు. నీకు తెలవనే తెలవదు.”

“లెక్కలు చేసి పెట్టేదానివి కదా అప్పా?”

“నీ కోసం సేసినానేటి? నా కోసం సేసుకున్నాను. రోజుకో లెక్క దొరికేది నాకు.” నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. “కోపం నీ మీద కాదులే. నువ్వు పంతులమ్మవైనావని తెలిసిన రోజు ఊరంతా సెప్పుకున్నాను, నా సెల్లి అని. రెండూ నిజమే.”

ఇన్ని పుస్తకాలు చదివి, ఇంతమంది పిల్లల ముఖాలు చూసి మనసు చెప్పగలనని పేరు తెచ్చుకుని, ఒకే చాప మీద పడుకున్న మనిషి మూడేళ్ళ కోపాన్ని నేను ఇన్నేళ్ళూ కనిపెట్టలేకపోయాను. నాయనమ్మ అన్నదాంట్లో కొంత నిజం ఉందేమో.

ఆ రాత్రికే మా అప్ప కొడుకు వచ్చాడు. డాక్టరమ్మ చెప్పినదంతా వాడికి పంతులమ్మ గొంతుతోనే చెప్పాను. వాడు మంచివాడు, భయం వల్ల చేసిన పని. తాళంచెవి తీసి తల్లి చేతిలో పెట్టి, “నానూ కూడా ఉంతానమ్మా, నువ్వు సెప్పు, నాను రాసుకుంతాను,” అన్నాడు. ఇప్పుడు ఆమె చెవిలో చిన్న మిషను, రోజూ ఒక మాత్ర. పాలు కోడలు చూసుకుంటుంది. ఆకుమడికి, అంటే నారుమడికి, విత్తనం మాత్రం ఈ ఏడు కూడా మా అప్పే తీసింది. కొన్ని పేర్లు తడుముకుంటుంది, నేనూ తడుముకుంటాను, ఫోనులో ఇద్దరం ఒకరికొకరం అందించుకుంటాం. మా కంగారు తగ్గింది, అదే మాకు పెద్ద సంగతి.

ఉభాలప్పుడు నేనూ అప్ప ఊరు వెళ్ళి నాలుగు రోజులున్నాను. పొద్దున్నే రోడ్డు మీద కాలేజీ బస్సు ఆగితే, మడుల మధ్య నుంచి సంచులు తగిలించుకుని ఇంటింటి ఆడపిల్లలూ పరుగెత్తారు. ఏ పిల్లని పంపాలి, ఏ పిల్లని ఉంచాలి అన్న ప్రశ్న ఇప్పుడు అక్కడ ఎవరూ వెయ్యరు, వేస్తే ఆ పిల్లలే ఊరుకోరు. వాళ్ళని చూసి నా ప్రాణం లేచివచ్చింది. కాని గట్టు మీద కూర్చుని, మా మూడో తరగతిలో నేల మీద వరసగా కూర్చున్న ఆడపిల్లలని ఒక్కొక్కరినే గుర్తు తెచ్చుకుంటే ఏడుగురం తేలాం. ఒక పిల్ల పాఠం ఒకసారి విని మొత్తం అప్పజెప్పేది, ఇంకొక పిల్ల సుద్దతో కుందేలు గీస్తే అది గోడ మీంచి దూకేటట్టుండేది. ఆ ఏడుగురిలో అయిదో తరగతి దాటినది నేను ఒక్కర్తెనే, అందరికంటే వెనకబడ్డ పిల్లని.