ఫాస్టు హన్మండ్లు ఉరికిన సంగతి

మా కోరుట్లలో హన్మండ్లు గురించి ఒక మాట పద్దెనిమిదేళ్లుగా తిరుగుతోంది. మస్కట్ పోయి ఖర్జూర చెట్లకు కల్లు గీసి కూలీల క్యాంపులో అమ్మాడట. పోలీసులు వస్తే తోటివాడు లస్మయ్యను చెట్టు మీదే వదిలేసి ఉరికాడట. అంత జోరుగా ఉరికాడు కాబట్టే ‘ఫాస్టు హన్మండ్లు’ అని పేరొచ్చిందట. ఆ మాట తప్పు. అయితే ఎక్కడ తప్పో తెలుసుకోవడానికి నాకు పన్నెండు రోజులు పట్టింది. అడిగిన కొద్దీ తెలిసింది తగ్గిపోయి, తెలియనిది పెరిగింది.

హన్మండ్లు మా వాడవాడే, కల్లు గీసే గౌండ్ల ఇంటి పిల్లవాడు. అతనికి చెట్టెక్కడం నేర్పింది మా ఆయన. “చెట్టు మీద తొందరవడ్డోడు చెట్టు కింద నిమ్మళంగ పంటడు” అనేవాడాయన. ఆ ఒక్క మాట హన్మండ్లు ఒంటికి పట్టిపోయింది. నిండు లొట్టి, అంటే కల్లుకుండ, మోస్తున్నవాడు ఎలా నడుస్తాడో ఖాళీ చేతులతోనూ అలాగే నడుస్తాడు. అతను ఒక గంజెడు అన్నం తినేలోపల నేను రెండు కట్టల బీడీలు చుట్టేస్తాను. అలాంటి మనిషికి ఫాస్టు అని పేరేమిటి?

కరువు వచ్చిన ఏళ్లలో బోర్లు ఎండాయి. తాటిచెట్లు కూడా సరిగా కల్లు పారలేదు. పొద్దున లొట్టి దించితే అడుగున నాలుగు గుక్కలుండేవి. ఇంటికొకరు చొప్పున మగవాళ్లు గల్ఫుకు పోయారు. హన్మండ్లు, లస్మయ్య ఒకే విమానంలో పోయారు. పోయినవాళ్లు రెండేళ్లకో మూడేళ్లకో వచ్చేవారు. హన్మండ్లు నలభై ఒక్క రోజుకు వచ్చాడు. ఏమైందని అడిగితే చెప్పలేదు. ముత్యంపేటలో చెరకు బండ్లెక్కించాడు, సారంగాపూర్‌లో వడ్ల బస్తాలు మోశాడు. చెట్టు మాత్రం ఎక్కలేదు. ఎక్కాలన్నా అతని పదకొండు చెట్లను అప్పటికే వేరే ఇద్దరు పంచుకున్నారు.

మొన్న ఆ ఇద్దరూ ముసలివాళ్లై గీత మానేశారు. గీత కార్మికుల సొసైటీలో ఆ చెట్లు మిగిలాయి. “నా చెట్లు నాకియ్యుండ్రి” అని హన్మండ్లు అడిగాడు. మావాళ్లలో ఒక పద్ధతి ఉంది. చెట్టు విడిచిపోయినవాడికి మళ్లీ చెట్టివ్వాలంటే అందరూ ఒప్పుకోవాలి. ఎవరికి అనుమానమున్నా తాటివనంలో నిలబెట్టి అడుగుతారు. అతను మోకు ముట్టి జవాబు చెప్పాలి. చెట్టెక్కేటప్పుడు నడుముకు వేసుకునే తాడే మోకు. ప్రాణమంతా దాని మీదే వేలాడుతుంది కాబట్టి దాన్ని ముట్టి అబద్ధం చెప్పరు.

సొసైటీకి పెద్ద ఇప్పుడు చందు. ముప్పై అయిదేళ్లవాడు, మోటారు సైకిల్ మీద తాటివనానికి పోతాడు. అతను అడ్డం తిరిగాడు. “తోటోన్ని చెట్టు మీద ఇడిశిపెట్టి ఉరికినోనికి చెట్టెట్ల ఇస్తం?” అన్నాడు. వచ్చే వారం ఆదివారం అడుగుతామన్నారు. ఆ మాట విని హన్మండ్లు భార్య గంగమ్మ తంబాకు చాటతో సహా మా ఇంటికొచ్చింది.

“అత్తా, చెట్లు ఇయ్యకుంటె మళ్ల పోతడట. జగిత్యాల ఏజెంటుకు పాస్‌పోర్టు సుత ఇచ్చచ్చిండు.”

“యాభై ఏండ్లకు దగ్గరవడె. గీ వయసుల పోయి ఏం జేస్తడే?”

“గొర్లు కాస్తడట. ఎడారిల.”

“ఆనాడు ఏమైందో నీకన్న చెప్పిండా?”

“నాకా? పద్దెనిమిదేండ్ల సంది అడుగుతున్న. అడిగినప్పుడల్ల నేను కట్టిన బీడీ కట్ట తీస్కొని, దారం గట్టిగున్నదా లేదా అని చూస్తడు.”

“నేను కనుక్కుంట పో” అన్నాను. నాలుగో తరగతిలో మా పంతులు కూడా అనేవాడు, “బుచ్చవ్వకు జవాబులు రావు, సవాళ్లు మాత్రం మస్తుగ వస్తయి” అని.

మొదట మా నర్సక్కను అడిగాను. ముప్పై ఏళ్లుగా ఒకే అరుగు మీద కూచుని బీడీలు చుడుతున్నాం. దానికి తెలియని సంగతి ఉండదు.

“ఎక్కిరిచ్చి వెట్టిండ్రే గా పేరు. మెల్లగ నడుస్తడు గద. నల్లోన్ని ఎర్రయ్య అనమా?”

“మరి పోలీసులస్తె ఉరికిండంటరు?”

“గది సుత నిజమే.”

“ఉరికితె ఉరికిండని పేరు. ఉరుకకుంటె ఎక్కిరిచ్చుడు. రెండు ఎట్ల నిజమైతయే?”

“నాకేం దెలుసు, సదువుకున్నదానివి నువ్వేనాయె” అని ఆకు కత్తిరించుకుంటూ కూర్చుంది.

చదువుకున్నవాడినే అడుగుదామని భాస్కర్ రావు సారు ఇంటికి పోయాను. ఒకప్పుడు ఊరి దొరలు వాళ్లు. ఈయన మాత్రం ఇంగ్లీషు పంతులుగా చేసి దిగిపోయాడు. ఫాస్టు అంటే ఏమిటో చెప్పమన్నాను.

“జోరుగ అని. గిది తెలువదా బుచ్చవ్వా?”

“గది తెలుసు సారూ. గా మాట యాడ పుట్టింది, ఎందుకు పుట్టింది, గది చెప్పు.”

ఆయనకు సంతోషమైంది. అలా అడిగినవాళ్లు ఈమధ్య ఎవరూ లేరేమో. ఇటుకంత పుస్తకం తీసి, కళ్లద్దాలు పెట్టుకుని, చాలాసేపు చదివాడు. ఆయన భార్య జానకమ్మ నాకు చాయ్ ఇచ్చింది. నా చాయ్ అయిపోయింది, ఆయన చదవడం కాలేదు.

“గిదేందో సిత్రమున్నది బుచ్చవ్వా. మొదట్ల ఫాస్టు అంటె ఉరుకుడు కానే కాదు. కదలకుంట గట్టిగ నిలవడుడు.”

“నిలవడుడా?”

“ఆఁ. స్తంభం పాతినట్టు. ఆ తర్వాత ఏ పనైన గట్టిగ, పట్టువట్టి చేసుడు అన్నరు. గట్టిగ కొట్టుడు, గట్టిగ ఉరుకుడు. అట్ల అనంగ అనంగ ఉరుకుడే మిగిలింది. ఉపాసానికి సుత ఫాస్టే అంటరు. నియమం గట్టిగ పట్టుకునుడు గద. రంగు ఎలిశిపోని బట్టను సుత గదే అంటరు.”

“నిలవడ్డోన్ని, ఉరికినోన్ని ఒక్కతీరుగ పిలుస్తరా సారూ? ఆ ఇంగ్లీషు దొరలకు పిచ్చా?”

“నన్నడిగితె నేనేం చెప్పాలె” అని ఆయన నవ్వాడు.

ఒక్క అనుమానంతో పోయినదాన్ని మూడింటితో తిరిగొచ్చాను. హన్మండ్లు ఉరికాడా, నిలబడ్డాడా, ఉపాసమున్నాడా? రాత్రి అన్నంలో ఉప్పు రెండుసార్లు వేశాను.

ఇక మిగిలింది లస్మయ్య. అతను మస్కట్‌లో మూడేళ్లుండి వచ్చి, అత్తవారి ఊరు సిరిసిల్లలో ఇల్లు కట్టుకున్నాడు. అక్కడ సాంచెలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు. గౌండ్లవాడికి సాంచెలేమిటంటే, దొరికిన పనే కులం అంటాడు. గురువారం వేములవాడ మీదుగా బస్సెక్కి పోయాను. షెడ్డులో ఎనిమిది సాంచెలు ఒక్కసారి మోగుతుంటే నా మాట నాకే వినపడలేదు. చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను.

“లస్మయ్యా, హన్మండ్లు ఉరికిండా?”

“ఉరికిండవ్వా!”

“అయితె లోకమనేది నిజమేనా?”

“నిజం గాదు!”

“అరేయ్, ఉరికిండంటివి!”

అతను నన్ను బయటికి తీసుకొచ్చి వేపచెట్టు కింద కూచోబెట్టాడు. మీసాల మీద దూది పేరుకుంది.

“ఉరికిండు గని గట్ల గాదు. ఎట్లనో చెప్పెతందుకు లేదు. నాకు ఒట్టున్నది. మోకు ముట్టిచ్చి వెట్టిచ్చుకున్నడు.”

“మస్కట్ల మోకు యాడిదిరా?”

“ఇంటికాడికెల్లి బట్టల సంచిల వెట్టుకొని పోయిండు. ఆడ బెల్టులిస్తరని చెప్పినా ఇనలే.”

“మరి గా పేరు?”

“గది మా మేస్త్రి నోటి మాట. పొద్దుమాపు ఫాస్టు ఫాస్టు అనేటోడు. ఆయినెకు అచ్చిన ఇంగ్లీషు గదొక్కటే.” మీసం మీది దూది తుడుచుకోబోయి కళ్లు తుడుచుకున్నాడు. “నేను మూడేండ్లున్న. గీ ఇల్లు గా మూడేండ్లదే. ఆయినె నలభై ఒక్క దినానికే అచ్చిండు. ఎందుకచ్చిండని ఆయిన్నే అడుగవ్వా. ఊరంత నన్నడిగింది, నర్సక్కనడిగింది, గంగమ్మనడిగింది. ఆయిన్ని ఎదురంగ నిలవెట్టి ఉరికినవా అని ఎవలన్న అడిగిండ్రా?”

తిరుగు బస్సులో అదే ఆలోచించాను. పద్దెనిమిదేళ్లలో నేనూ అడగలేదు. ఏమైందని అడిగాను కానీ, ఉరికావా అని మొహం మీద అడగలేదు. ఇంత సవాళ్లు అడిగే మనిషిని, ఎందుకు అడగలేదో నాకే అర్థం కాలేదు. అవునంటాడేమోనని భయపడ్డానేమో.

ఆదివారం పొద్దున్నే ఇబ్రహీంపట్నం తొవ్వలో ఉన్న తాటివనానికి పోయాను. ఇరవై మంది దాకా చేరారు. గంగమ్మ దూరంగా పొలం గట్టు మీద నిలబడింది. చందు నన్ను చూశాడు.

“బుచ్చవ్వా, ఆడోళ్లకు ఈడేం పని?”

“నా మొగని చెట్లు ఇప్పుడు ఎవలు గీస్తుండ్రురా?”

“నేనే.”

“మరి గా చెట్ల కింద నిలవడెతందుకు నాకు పనుండదా?”

అందరూ నవ్వారు. చందు పక్కకు జరిగాడు.

హన్మండ్లు వచ్చాడు. నిండు లొట్టి మోస్తున్నట్టే వచ్చాడు. భుజాన పాత మోకు, పద్దెనిమిదేళ్లు దూలానికి వేలాడదీసిన మోకు. దాన్ని కింద పెట్టి కుడి చెయ్యి దాని మీద ఆనించాడు. చందు ఏదో అనబోయాడు. నేను ముందే అడిగాను.

“హన్మండ్లూ, నీకు చెట్టు నేర్పినోని పెండ్లాన్ని అడుగుతున్న. లస్మయ్యను ఇడిశిపెట్టి నువ్వు ఉరికినవా? ఉరికినవంటె జగిత్యాల పో, విమానమెక్కు. లేదంటె గీ చెట్టెక్కు.”

అతను తల ఎత్తి చెట్ల మొవ్వుల వైపు చూశాడు. ఆ తర్వాత మొదలుపెట్టాడు.

“ఆడ మన పని గీసుడు గాదవ్వా. పోతు చెట్టు పువ్వు తెచ్చి పెంటి చెట్టు గెలల వెట్టి కట్టుడు. అప్పుడు పండు పడుతది. చెట్టెక్కినప్పుడల్ల నాకు నేను చెప్పుకునేటోన్ని, ఇది మన తాటిచెట్టు గాదురా, ఖర్జూరమురా అని. గందుకే అందరికన్న మెల్లగ జేసేటోన్ని. గా దినం మేస్త్రి కింద నిలవడి ఒక్కటే తీరుగ ఫాస్టు, ఫాస్టు అన్నడు. చెప్పుకునే యాళ్ల దొరకలే. చెయ్యి దాని పని అది జేస్కపోయింది. పూత గెలలు పట్టుకొని, తాటి గెల గీసినట్టు సన్నగ గీసుకుంట పోయిన. తొమ్మిది చెట్లు. తొమ్మిదో చెట్టు మీద లొట్టి కట్టెతందుకు నడుముకు చెయ్యి వెట్టిన. లొట్టి లేదు. అప్పుడు ఎరుకైంది, నేనెక్కడున్ననో.”

ఎవరూ నవ్వలేదు. నవ్వుతారని అతను కాసేపు ఆగాడు.

“ఒక ఏటి పంట పోయింది. మేస్త్రి నన్ను అనుమానించలే. గీ మెల్లగాడు పొద్దుటాల్ల తొమ్మిది చెట్లెట్ల జేస్తడని లస్మయ్యను పట్టిండ్రు. తోట షేటు బండ్ల ఎక్కిచ్చిండ్రు. చెట్టు దిగి, గా బండెనుక ఉరికిన. నేను జేసిన అంటె నమ్మలే. మళ్ల షేటు ముంగటనే ఇంకో చెట్టెక్కి, ఇంకో గెల గీసి చూపెట్టిన. గప్పుడు లస్మయ్యను ఇడిశిండ్రు. నన్ను ఇంటికి తోలిండ్రు.”

గీశాడు అన్న ముక్క సముద్రం దాటి వచ్చేసరికి, అందులో కల్లు మనవాళ్లే పోశారన్నమాట. షేటు బండిని పోలీసు బండి చేసిందీ మనవాళ్లే.

“మరి గీ మాట ఆనాడే చెప్పకపోయినవా?” చందు గొంతు తగ్గింది. “లస్మయ్యకు ఒట్టెందుకు వెట్టినవు?”

“దొంగకల్లు అమ్మిండు అంటె పడ్డ. తోటోన్ని ఇడిశిండు అంటె పడ్డ. చెట్టును గుర్తువట్టని గౌండ్లోడు అంటె మాత్రం ఎట్ల బతుకుదురా?”

చందు కాలితో ఇసుక గెలికాడు. తర్వాత మెల్లగా అడిగాడు. “ఇప్పుడు గుర్తువడుతవా, కాకా?”

హన్మండ్లు లేచి నడిచాడు. అరచెయ్యి ఒక్కో చెట్టుకు ఆనించి పేరు చెప్పాడు. వంకరది. పిట్టగూళ్లది. పిడుగు పడ్డది. అక్కాచెల్లెండ్లు. పదకొండూ అయ్యేసరికి ఎండ ఎక్కింది. ఒక్కటీ తప్పలేదు. చందు అందరి మొహాలూ చూశాడు. ఎవరూ కాదనలేదు. “ఏజెంటు దగ్గరికి నా బండి మీదనే పోదాం, పాస్‌పోర్టు తెచ్చుకుందాం పా” అన్నాడు. గట్టు మీద గంగమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

నాకు మాత్రం ఇంకా తికమకగానే ఉంది. ఉరికానంటాడు, ఉరకలేదంటారు. మెల్లగాడంటారు, ఫాస్టంటారు. సారు పుస్తకంలో నిలబడడమంటారు. మోకు సర్దుకుంటున్న హన్మండ్లు రెక్క పట్టుకుని ఆపాను.

“ఇంతకు ఉరికినవా, లేదారా? ఒక్క మాటల చెప్పు.”

అతను తన కుడి చెయ్యి తిప్పి చూసుకున్నాడు.

“ఉరికింది నా చెయ్యవ్వా. నేను ఆడనే నిలవడ్డ.”