కింది వాటా ఆమె రాసిచ్చిన చీరాల కాగితం

మన్సూరాబాద్‌లో మా ఇంటి కింది వాటాలో చీరాల నుంచి వచ్చిన భార్యాభర్తలు కిరాయికి ఉండేవాళ్లు. నాలుగేళ్లలో వాళ్లతో ఒక్క పేచీ లేదు. తెలంగాణ ఉద్యమం ముదిరాక ఆ పేచీ లేకపోవడమే నాకు అనుమానంగా తోచేది. ఊరికే ఇంత మంచిగా ఎవరైనా ఎందుకుంటారు? ఏదో ఒక వంక చూసి ఖాళీ చేయిద్దామా అని లోపల్లోపల అనుకుంటూ ఉండేవాణ్ణి.

అప్పట్లో అనుమానం నాకు రెండో వృత్తి. దిల్‌సుఖ్‌నగర్‌లో నా చీరల కొట్టుకు ఎవరొచ్చినా, వాళ్లు చీర చూసేలోపు నేను వాళ్ల మాట చూసేవాణ్ణి. 'ఏంటండీ' అంటే ఒక తీరు, 'ఏందన్నా' అంటే ఒక తీరు. బంద్ రోజు సగం షట్టర్ దించుకుని కూర్చుని, రోడ్డు మీద పోయేవాళ్లలో ఎవరు ఎటువాళ్లో పోల్చుకోవడమే నా కాలక్షేపం.

ఆ రోజుల్లోనే అమ్మ సముద్రం చూస్తానంది. పోచంపల్లి పక్క ఊళ్లో నలభై ఏళ్లు నూలుకు రంగులు వేసిన మనిషి మా అమ్మ. ఆమె కళ్లలో నీటికాసులని డాక్టరు తేల్చాడు. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది ఎన్నాళ్లుంటుందో చెప్పలేనని అన్నాడు. అమ్మ ఏడవలేదు. సముద్రం నీలంగా ఉంటుందని అందరూ అంటారని, ఏ నీలమో ఒక్కరూ సరిగ్గా చెప్పలేదని, చూపుండగానే అది తన కళ్లతో చూసి తేల్చుకోవాలని అంది. నెమలిమెడ, పాలపిట్ట, మబ్బు నీలం అంటూ ఒక్క నీలానికే ఆమె దగ్గర ఏడెనిమిది పేర్లుండేవి.

ఈ సంగతి కింది వాటా ఆమె చెవిన పడింది. మర్నాడే నోటుబుక్కు కాగితం ఒకటి పట్టుకొచ్చింది. చీరాల పోతే ఏమేం చూడాలో, ఏం చేయాలో వరసగా రాసింది. పడవలు ఒడ్డుకొచ్చే వేళకు వాడరేవులో ఉండాలట. నీళ్లలో మోకాలు దాటి దిగకూడదట. రామాపురం తీరం వైపు జనం తక్కువ, పెద్దావిడకు ప్రశాంతంగా ఉంటుందట. మధ్యాహ్నం భోజనం మాత్రం వాళ్లమ్మ దగ్గరేనట, ఫోన్ కూడా చేసి చెప్పేసిందట.

కోర్టు నోటీసు చదివినట్టు చదివాను దాన్ని. జనం లేని చోటికి మమ్మల్ని ఎందుకు పంపుతోంది? అన్నం పెట్టి మొహమాటంలో పడేస్తే రేపు ఖాళీ చేయమనలేననా? కాగితం మడిచి జేబులో పెట్టుకుని, తప్పకుండా పోతామన్నాను. మనసులో మాత్రం లాడ్జి, హోటలు భోజనమే ఖాయం చేసుకున్నాను.

ఎల్‌బీ నగర్‌లో బస్సెక్కే ముందు అమ్మకు గట్టిగా చెప్పాను.

"అమ్మా, ఆడ నువ్వు నోరు తెరవకు. మాట వింటే మనం ఎక్కడోళ్లమో గుర్తు పడతరు. ఏం కావాలన్నా నాకు సైగ చెయ్యి."

అమ్మ నా మొహంలోకి కాసేపు చూసి తలూపింది.

తెల్లారి వాడరేవులో అమ్మ చెప్పులు విప్పి చేత పట్టుకుంది. పడవలొస్తున్నాయి, వలల దగ్గర బేరాలు సాగుతున్నాయి. అమ్మ నీళ్లకేసి చాలాసేపు చూసింది. రంగు తొట్టిలోంచి నూలు పైకెత్తినప్పుడు అలాగే మెడ పక్కకు వాల్చి చూసేది. తర్వాత నావైపు తిరిగింది. మొహం వెలిగిపోతోంది, పెదవులు విడివడ్డాయి. సరిగ్గా అప్పుడే ఒక చేపలామె మా పక్కన గంప దించి, ఏ ఊరమ్మా మీది అని అడిగింది. అమ్మ టక్కున నోరు మూసుకుంది.

ఆమెకు మాట రాదండి అన్నాను. ఎన్నడూ లేని ఆ 'అండి' ఎక్కణ్ణుంచి ఊడిపడిందో నాకే తెలియదు.

చేపలామె అయ్యో అని జాలిపడి, అమ్మ చెయ్యి పట్టుకుని నీళ్ల దాకా నడిపించి, పాదాలు తడిపించి, జాగ్రత్తగా తెచ్చి నాకు అప్పగించింది. ఆమె అటు పోగానే నేను అమ్మ చేతికి గాజులున్నాయో లేదో చూసుకున్నాను. ఇది రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. రామాపురం పోలేదు. భోజనానికీ పోలేదు.

తిరిగొచ్చిన సాయంత్రం కింది వాటా ఆమె పైకొచ్చింది. వాళ్లమ్మ చేపల పులుసు వండి, పొద్దు వాలేదాకా గుమ్మంలో కూర్చుందని చెప్పింది. కోపంగా కాదు, మాకేమైనా ఇబ్బంది వచ్చిందేమోనన్న కంగారుతో. నేను అబద్ధం వెతుక్కునేలోపు అమ్మే చెప్పేసింది.

"మాట వింటే గుర్తు పడతరని, నా కొడుకు నన్ను మూగదాన్ని చేసి తిప్పిండు బిడ్డా."

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"నేనూ అంతే పెద్దమ్మా. ఇక్కడ ఆటో ఎక్కితే నోరు విప్పను. ఎటెళ్లాలో వేలితో చూపిస్తాను. ఏడాది దాటింది."

అమ్మ ఆమెను దగ్గరికి తీసుకుంది. నా వంక ఇద్దరిలో ఎవరూ చూడలేదు.

ఆమె కిందికి పోయాక అమ్మ పక్కన కూర్చుని, సముద్రం ఏ నీలమో తేలిందా అని అడిగాను.

"తేలింది. ఆడనే నీకు చెప్దామనుకున్న. రంగు తడి మీదున్నప్పుడే చెప్పాలె కొడుకా. ఆరినంక ఏం చెప్పినా అబద్ధమే."

రెండేళ్లకు అమ్మ చూపు పూర్తిగా పోయింది. ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. ఆ నీలం పేరు నాకు తెలియదు.