ఖాళీ స్లాటు నుంచి పిలుపు

దయ్యాల మాటెత్తితే కొట్టిపారేసే మనిషిని నేను. సర్క్యూట్ బోర్డులు చేసి బతికేవాడికి దేనికైనా కారణం దొరకాలి. దొరకలేదంటే సరిగ్గా వెతకలేదనే అర్థం. ఇప్పటికీ అదే నమ్ముతున్నాను. అందుకే దిక్కుతోచకుండా ఉన్నాను.

తిరువూరులో మా మేడ మీది గదిలో కూర్చుని, మామిడికాయలు మగ్గబెట్టే గదులకు కంట్రోలర్లు తయారుచేస్తాను. ఒక పెద్ద బోర్డు, దాని మీద ప్రాసెసర్, పక్కన వరసగా స్లాట్లు. వేడికొక కార్డు, గాలికొక కార్డు వాటిలో గుచ్చుతాం. ఏ కార్డుకు అవసరం వచ్చినా తన స్లాటు తీగ మీద సంకేతం పంపుతుంది. ప్రాసెసర్ చేస్తున్న పని ఆపి దాని సంగతి చూడాలి. దీన్ని ఇంటరప్ట్ అంటాం.

నా భార్య సుజాతకు పక్షవాతం వచ్చి మాట పడిపోయాక, చివరి స్లాటులో ఆమె కోసం ఒక కార్డు పెట్టాను. కింద మంచం దగ్గర బటన్, పైన బోర్డు మీద బజర్. నీళ్లు కావాలంటే నొక్కి వదిలేది. పక్కకు తిప్పమంటే, నేను వెళ్లి తిప్పేదాకా పట్టుకునే ఉండేది. అంతసేపూ ప్రాసెసర్ మరో పని ముట్టుకునేది కాదు. నేనూ అంతే.

పోయిన చలికాలం సుజాత వెళ్లిపోయింది. కర్మకాండలయ్యాక ఆ కార్డు పీకేశాను. బటన్ తీగ చుట్టి బీరువాలో పెట్టాను.

ఒక మధ్యాహ్నం బజర్ మోగింది. స్క్రీన్ మీద చివరి స్లాటు నంబరు కనిపించింది. స్లాటు చూస్తే ఖాళీ.

దేనికీ కట్టని తీగ మీద ఇలాంటి దొంగ సంకేతాలు రావడం మామూలే. వాటిని అణచడానికి తీగకు రెసిస్టర్ వేశాను. ఆఖరికి బోర్డే మార్చాను. ఆగలేదు. మీటరు పెడితే తీగ మీద ఏమీ లేదు. ప్రాసెసర్ మాత్రం బటన్ ఎవరో పట్టుకునే ఉన్నారంటోంది.

బోర్డు మార్చిన రోజు, నాతో వైరింగు పనిచేసే కరీముల్లా పైన స్క్రీన్ చూస్తున్నాడు. నేను కిందికి వెళ్లాను. ఎందుకని అడిగితే ఏం చెప్పను, అలవాటు. ఆమెను తిప్పినప్పుడల్లా నడుము వెనక ఆనించే దిండు మంచం మీద అలాగే ఉంది. దాన్ని అటు నుంచి ఇటు మార్చాను.

"అన్నా, వదిలేసింది!" అని పైనుంచి అరిచాడు కరీముల్లా.

ఒక్కసారైతే కాకతాళీయం అనుకునేవాణ్ని. ఆ వారమంతా ఇదే వరస. దిండు మార్చేదాకా మోగేది, మార్చగానే ఆగేది. నాకు భయం వేయలేదు, ఏడుపొచ్చింది. ఆమెకు ఇంకా నొప్పి పోలేదా అనిపించింది.

మామిడి సీజను దగ్గరపడింది. విస్సన్నపేట వాళ్లకు కంట్రోలర్ ఇవ్వాలి. ఎన్నిసార్లు పరీక్ష మొదలుపెట్టినా బజర్ మోగి మధ్యలో ఆగిపోతోంది. నాకు తిండి సయించడం లేదు.

"ఆ స్లాటు మూసెయ్యన్నా. ఇట్టా అయితే నువ్వు కూడా మిగలవు. వదినుంటే ఒప్పుకునేదా?" అన్నాడు కరీముల్లా.

ఆ స్లాటు సంకేతాన్ని ప్రాసెసర్ వినకుండా చేశాను. దానికి ఒక్క లైను కోడ్ చాలు. బజర్ ఆగింది, పరీక్ష పూర్తయింది.

కానీ అలా మూసేస్తే ప్రాసెసర్ వినదు, అంతే. పిలుపు వచ్చిందన్న గుర్తు లోపల ఉండిపోతుంది. నేను దాని జోలికి పోకుండా ఉండాల్సింది. మర్నాడు చూశాను. ఉంది. చెరిపితే వెంటనే మళ్లీ వస్తోంది.

స్లాటు తెరిచి కిందికి పరిగెత్తాను. దిండు మార్చాను. బజర్ ఆగలేదు. అటు పెట్టాను, ఇటు పెట్టాను, మంచం మీంచి తీసేశాను. ఆగలేదు.

ఖాళీ స్లాటుకు ఇదెలా సాధ్యమో నాకు ఈరోజుకీ అంతుపట్టలేదు. ఇప్పుడు ఆమెకు ఏం కావాలో కూడా తెలియడం లేదు.