ఫోటోలో రెండు వేళ్లు

మా గూడెంలో ఎవరికి ఫోటో తీసినా వెనక తెల్లదుప్పటి పట్టుకుని నిలబడేది పాస్టరయ్యే. పోయిన నెల ఆయన కన్నుమూశారు.

ఈ రోజు మా గూడెం ముత్తవ్వకు తోడుగా వెళ్తే, ఆమె పింఛను దరఖాస్తును మండలాఫీసు సారు తీసుకోనన్నారు. ఫోటోలో చెవి పక్కన ఎవరివో రెండు వేళ్లున్నాయట. నేను హక్కుల గురించి గొంతు పెంచాను.

అవ్వ నన్ను ఆపింది. "గవి మొన్న కాలం జేసిన మా పాస్టరయ్య ఏళ్లు సారూ. తీసుకోకుంటే పాయె, నా ఫోటో నాకియ్యి."

సారు దరఖాస్తు మీంచి ఫోటో ఊడదీశారు. దాన్ని అవ్వకిచ్చి, తన తెల్లతువ్వాల నా చేతిలో పెట్టారు. "ఒర్లింది చాలు తమ్మీ. ఎనక నిలబడి గిది పట్టు" అని తన ఫోన్‌తోనే ఫోటో తీశారు.

అందులో నా వేళ్లు పడ్డాయి. సారు చూసి కూడా దరఖాస్తు తీసుకున్నారు.

నేను చదివిన హక్కుల కరపత్రాల్లో ఇలాంటి ఆఫీసరు లేడు. మీకెవరికైనా తగిలాడా?