గుంత లేని చోటు

కొమురవ్వ కాలు ఒక్కచోట నిలవదు. సిద్దిపేట నుంచి నారాయణరావుపేట పోయే రోడ్డు మీద గుంతలు పూడ్చే కూలీల్లో ఆమె ఒకతె. గంపతో తారు కలిపిన కంకర మోసుకొచ్చి పోస్తుంది, దిమ్మిసతో కొడుతుంది, అయినా నమ్మకం చాలక మడమతో తొక్కి చూస్తుంది. ఆ మడమకు ఇంట్లోనూ తీరిక లేదు. అన్నం తింటున్నప్పుడు కూడా గచ్చు మీద ఎత్తుపల్లాలు వెతుకుతూనే ఉంటుంది.

మొన్న సిద్దిపేట అంగడికి పోయి బస్సులో తిరిగి వస్తోంది. పోయిన వారం తాము పూడ్చిన పెద్ద గుంత దగ్గరికి రాగానే బస్సులో అందరూ అలవాటుగా ముందు సీటు కమ్మీలు పట్టుకున్నారు. అక్కడ గుంత లేదని తెలిసిన కొమురవ్వ ఒక్కతే పట్టుకోలేదు. డ్రైవరు బస్సును ఒక్కసారిగా పక్కకు తిప్పాడు. ఆమె పోయి పక్కామె ఒళ్లో పడింది. లేచి, తిన్నగా డ్రైవరు దగ్గరికి నడిచింది.

"గాడ గుంత ఏడుంది బిడ్డా? మేం పూడ్సినం గదా."

"ఎర్కేనవ్వా. గని చేతులు వాటంతటవే తిప్పుతున్నయ్."

ఆ రాత్రి ఆమెకు సరిగా నిద్ర పట్టలేదు. మర్నాడు పొద్దున పనికి పోతూ అదే డ్రైవరు బస్సెక్కి, అతని వెనకే నిలబడింది.

"ఇయ్యాల నడుమల్నుంచి పోనియ్యి."

పూడ్చిన చోటు రాగానే అతను స్టీరింగు బిగించి పట్టుకుని తిన్నగా పోనిచ్చాడు. కమ్మీలు పట్టుకున్నవాళ్లు కుదుపు కోసం చూస్తూనే ఉన్నారు. బస్సు ముందుకు పోయింది.

"ఏం తెల్వనే తెల్వలేదవ్వా," అన్నాడు డ్రైవరు.

"తెల్వద్దు," అంది కొమురవ్వ. ఆమె మడమ అప్పటికే తర్వాతి గుంత కోసం కాలికింది రేకును తడుముతోంది.